నాంచారయ్య కుర్చీలో ధనరాజు

ధనరాజు ఉద్యోగం దెబ్బలు తినడం. నవ్వకండి, నిజంగా అదే ఉద్యోగం. బందరులో ఒక పాత డాబా ఇంట్లో సత్యవాణిగారు నడిపే మానసిక వైద్యశాలలో, ఎవరికి ఎవరిమీద కసి ఉంటే ఆ మనిషి స్థానంలో కూర్చుని తన్నులు తినాలి. దానికే జీతం.

ఒక పూట గుడివాడ నుంచి తనూజ అనే బ్యాంకు ఉద్యోగిని వచ్చింది. ఆ పూటకు ధనరాజు ఆమె తండ్రి, చిన్నప్పుడు బెల్టు తీసి వీధివెంట తరిమిన తండ్రి. సత్యవాణిగారు చుట్టచుట్టిన దుప్పటి ఒకటి ఆమె చేతికిచ్చి, "మీ నాన్న ఎదురుగానే ఉన్నాడమ్మా, అప్పుడు అనలేని మాట ఇప్పుడు అను" అన్నారు. అనడం ఎక్కడ! మొదటి మాట సగంలోనే ఆగింది, రెండో మాటకు దుప్పటి లేచింది. మెత్తని దుప్పటేగా అనుకునేరు, ఏళ్ళ తరబడి దాచుకున్న కసి అందులో చేరితే అది రోకలి. వీపుమీద, భుజాలమీద, డొక్కలో దబదబా పడుతుంటే ధనరాజు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, ఆ తండ్రి అన్న మాటలే అన్నాడు. "నోరు ముయ్యవే" అన్నాడు. ఇంకో నాలుగు పడ్డాయి. చివరికి ఆ పిల్ల దుప్పటి విసిరేసి నేలమీద కూలబడి బావురుమంది. అప్పుడు ధనరాజు లేచి, "అమ్మా, నేను మీ నాన్నను కాదు, ధనరాజుని" అని చెప్పి మంచినీళ్ళు అందించాడు. వేషం విప్పడం అంటారు దాన్ని. అది చెయ్యకుండా సత్యవాణిగారు ఎవరినీ గుమ్మం దాటనివ్వరు.

ఈ దెబ్బల కూడు అతనికి ఊరికే రాలేదు. పుట్టింది గిలకలదిండిలో, పెరిగింది మరపడవల మీద. కళాసీ పని. మనిషి తాడిచెట్టు, చెయ్యి గుండ్రాయి. తాగినప్పుడు ఆ చెయ్యి ఎవరిమీద పడేదో వేరే చెప్పాలా? కట్టుకున్న సులోచన మీద. చారులో ఉప్పు తక్కువైతే ఒకటి, ఎక్కువైతే రెండు, సరిపోతే "ఈరోజు ఎట్టా కుదిరిందే" అని ఇంకొకటి. ఒకనాడు చెంపమీద పడ్డ దెబ్బకు ఆమె ఎడమ చెవి శాశ్వతంగా పోయింది. ఆ చెవిలోంచి కారే నెత్తురు కొంగుతో అదుముకుని గుడివాడలో అన్న దగ్గరికి వెళ్ళిపోయి, మార్కెట్లో చేపలమ్ముకుంది. వీధిలోవాళ్ళే ధనరాజును వలతాడుతో కట్టి ఆటోలో తెచ్చి సత్యవాణిగారి గుమ్మంలో పడేశారు.

సత్యవాణిగారిది పంతుళ్ళ ఇల్లు. మాట మెత్తన, పట్టు ఉడుం పట్టు. తాగుడు దిగాక ధనరాజును కుర్చీలో కూర్చోబెట్టి, "ఇప్పుడు మీరు సులోచన" అన్నారు. ఇంకో రోగిని ధనరాజును చేసి చెయ్యెత్తించారు. అంతే. అంత మనిషీ మొహం దాచుకుని ముడుచుకుపోయాడు. దాచుకోవడంలో ముందు ఎడమ చెవి మూసుకున్నాడు. తర్వాత అలా మూసుకున్న చేతిని చూసుకుని పసివాడిలా ఏడ్చాడు. ఆ రోజుతో మందు మానేశాడంటే అబద్ధం, మధ్యలో తప్పాడు, మళ్ళీ నిలబడ్డాడు. సులోచన తిరిగి వచ్చింది. "క్షమించి రాలేదు, అలిసిపోయి వచ్చా" అని మొహమ్మీదే చెప్పింది. అంతకన్నా తనకేం కావాలనుకున్నాడు ధనరాజు.

అప్పట్నుంచి ఆ వైద్యశాలలో తండ్రి వేషం, మొగుడి వేషం, మేనమామ వేషం అన్నీ అతనివే. సత్యవాణిగారు పెట్టిన నియమం ఒక్కటి. "వచ్చినవాళ్ళు చెప్పిన మాటే మీ నోట రావాలి ధనరాజుగారూ. మీ సొంతమాట ఒక్కటి కూడా కలపకండి. ఆ కుర్చీలో మీరు లేరు." సరేనమ్మగారూ అనేవాడు. అనడానికేం, నాలుకకు నరం ఉందా?

బుల్లెమ్మ వచ్చింది. తెచ్చింది మరిది కళ్యాణ్. హంసలదీవి అవతల, మడ అడవి అంచున చిన్న పాలెం వాళ్ళది. మొగుడు నాంచారయ్య వేటకెళ్ళి సముద్రంలో పడి పోయాడు. శవం తల వెనక గాయంతో, కృష్ణ సముద్రంలో కలిసే సంగమం దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చింది. పడవలో ఉన్న రెండో మనిషి అంజి ఒక్కడే. నాంచారయ్య తాగున్నాడు, వల లాగుతూ తూలాడు, పడవ అంచు తలకు తగిలింది, నేను దూకేలోపు మునిగిపోయాడు అని చెప్పాడు అంజి. పోలీసులు ప్రమాదమని రాసుకున్నారు. పాలెం మాత్రం నమ్మీ నమ్మక లోపల ఉడికింది. కారణం, కొన్నాళ్ళ ముందే ఆ ఇద్దరూ చిరిగిన వల దగ్గర చొక్కాలు పట్టుకున్నారు.

వాళ్ళకొక ఆచారం. పెద్దకర్మ నాడు చనిపోయినవాణ్ణి, పూనకం వచ్చే గణాచారి ఒంటిమీదికి పిలుస్తారు. వచ్చినవాడు తనకేం లోటో, ఎలా పోయాడో చెప్పుకుంటాడు. నాంచారయ్యనూ పిలిచారు. డప్పులు మోగాయి, సాంబ్రాణి పొగలో గణాచారి గంటలకొద్దీ ఊగాడు. నాంచారయ్య మాత్రం పలకలేదు. ఆ రోజు నుంచే బుల్లెమ్మ అన్నం మానేసింది. గంజినీళ్ళు తప్ప గొంతు దిగవు, మాట పెగలదు. అవనిగడ్డలో సెలైన్లు ఎక్కించి చూసి, ఇది మనసు జబ్బు, బందరు తీసుకెళ్ళండి అన్నారు. ఇదంతా కళ్యాణ్ సత్యవాణిగారికి విడిగా చెప్పాడు. ధనరాజు వినలేదు. వేషం వేసేవాడికి కథ ముందే చెప్పకూడదని ఆవిడ పద్ధతి.

కళ్యాణ్‌ను వరండాలో కూర్చోబెట్టి తలుపేశారు. ధనరాజు లోపల ఒక మూల నిలబడి వింటున్నాడు. ముందు బుల్లెమ్మనే మొగుడి కుర్చీలో కూర్చోబెట్టి, "ఇప్పుడు నువ్వే ఆయనవి. ఆ పొద్దున ఇంట్లో ఏం జరిగిందో ఆయన నోటితో చెప్పు" అన్నారు సత్యవాణిగారు. బుల్లెమ్మ కుర్చీ చేతులు తడుముకుంది. తర్వాత ఆ ఎముకల గూడులోంచి సన్నగా, బొంగురుగా మాట వచ్చింది.

"కొట్టా దాన్ని. తెల్లారకముందే తాగా. చద్దన్నంలోకి చేపముక్క లేదని జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టా. నెత్తురు కారతా గుమ్మంలోకొచ్చి దుమ్మెత్తి పోసింది నామీద."

"ఏమంది?"

"ఎళ్ళు, మళ్ళీ రామాక, ఆ సముద్రమే నిన్ను మింగ అంది." అని, మళ్ళీ బుల్లెమ్మ అయిపోయి సత్యవాణిగారి చెయ్యి పట్టుకుంది. "ఎవురికీ చెప్పమాకండమ్మా. మొగుణ్ణి నోటితో చంపిందని పాలెంలో నన్ను బతకనియ్యరు."

కుర్చీలు మార్చారు. నాంచారయ్య కుర్చీలో ఇప్పుడు ధనరాజు. బుల్లెమ్మకు దుప్పటి ఇచ్చారు, ముట్టుకోలేదు. కొట్టిన మొగుణ్ణి తిరిగి కొట్టమంటే కొట్టకుండా, వచ్చి అతని పాదాలు పట్టుకుంది. "మావా, నా మాటకే పోయావా? చెప్పు మావా, నేనే చంపానా నిన్ను?"

ఇక్కడ అతను నోరు మూసుకుని ఉంటే చాలు. సత్యవాణిగారు మళ్ళీ కుర్చీలు మార్చేవారు, ఆ పిల్లే తన జవాబు తాను వెతుక్కునేది. నెమ్మదిగానే అయినా అది దారి. కానీ ధనరాజు వంగి చూశాడు. పాదాలమీద ఉన్న ఆ తలలో, పాపిడి పక్కన, గోడకు తగిలి చిట్లిన మచ్చ కనిపించింది. ఇలాంటి మచ్చ పెట్టినవాడు చచ్చీ దీన్ని వదలడా అని ఒళ్ళు మండిపోయింది. ఇల్లు అదిరేలా బొంగురు గొంతుతో అరిచాడు.

"నీ నోటికి నేను చస్తానా ఏందే! నన్ను నెట్టారే!"

"నెట్టారా?" బుల్లెమ్మ తలెత్తింది.

"నెట్టారు. నీ తప్పేం లేదు. లేచి ఎళ్ళి అన్నం తిను."

"ధనరాజుగారూ!" అని సత్యవాణిగారు లేచి నిలబడ్డారు. అప్పటికే ఆ అరుపుకు వరండాలోంచి కళ్యాణ్ కిటికీ దగ్గరికి వచ్చేశాడు. వాడి చేతిలో సెల్‌ఫోన్ ఉంది, అది రికార్డు చేస్తోంది.

ధనరాజు పద్ధతి ప్రకారం వేషం విప్పాడు. "అమ్మా, నేను మీ ఆయన్ని కాదు, ధనరాజుని."

"తెలుసన్నయ్యా, ఆయన ఎళ్ళిపోయాడుగా" అంది బుల్లెమ్మ, చాలా శాంతంగా. కళ్యాణ్ లోపలికొచ్చి ధనరాజు పాదాలమీద సాష్టాంగపడి ఏడ్చాడు. వైద్యానికి మెచ్చుకుని మొక్కుతున్నాడనుకున్నాడు ధనరాజు, పిచ్చి మారాజు. సత్యవాణిగారు ఆగమంటున్నా వినకుండా ఆటో ఎక్కేశారు వాళ్ళు.

"ఆ మాట మీకు ఎవరిచ్చారు?" అని అడిగారు ఆవిడ. అంత కోపంగా ఆవిడను అతనెప్పుడూ చూడలేదు.

"ఎవురికి నష్టం అమ్మగారూ? చచ్చినోడు వచ్చి కాదంటాడా? ఆ పిల్ల నాలుగు మెతుకులు తింటది."

"నెట్టారంటే నెట్టినవాడొకడు ఉండాలి కదండీ! పడవలో ఉన్నది ఇంకొక్కడే!"

ఆవిడ కళ్యాణ్‌కు ఫోన్ చేస్తూనే ఉన్నారు, వాడు ఎత్తలేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అన్నారా?

మర్నాడు మధ్యాహ్నం వైద్యశాలకు ధనరాజు కోసమే ఫోన్ వచ్చింది. బుల్లెమ్మ. గొంతు ఖంగుమంటోంది.

"అన్నయ్యా, అన్నం తిన్నా! నెత్తళ్ళ పులుసేసుకుని, మారు పెట్టుకుని మరీ తిన్నా."

"మంచి మాట చెప్పావు తల్లీ" అన్నాడు. నిజంగానే గుండె చల్లబడింది.

"నీ ఒంటిమీదికొచ్చి మా ఆయన చెప్పాడు కాబట్టి తేలింది. పెద్దకర్మ నాడు పలకనోడు నీమీద పలికాడు. కళ్యాణ్ ఫోన్‌లో ఇనిపిస్తే పాలెమంతా ఆ గొంతు ఆయనదే అన్నారు. అంజిగాణ్ణి పట్టుకుని మడల్లోకి తీసుకెళ్ళారు. పోటెక్కినాక, ఆయన పడ్డ చోటే ఈణ్ణీ పడేస్తారంట."

ఫోన్ సత్యవాణిగారి చేతిలో పెట్టాడు. తాను ఎన్నడూ చూడని మనిషి, పేరైనా ఇప్పుడే విన్న మనిషి, తన నోటి మాటకు చచ్చిపోబోతున్నాడు. సత్యవాణిగారు పోలీసులకు ఫోన్ చేస్తూ ఉండగానే అతను బైకు తీశాడు. చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు, ఏ ఊరు ఎప్పుడు దాటాడో తెలియదు. దారిలో ఒక గేదెను తప్పించబోయి పడి, మోకాలు చీరుకుపోయినా ఆగలేదు. అంజి బతికుండాలి, అంతే, ఇంకో ఆలోచన లేదు.

పాలెంలో మగపురుగు లేదు. అప్పటికే జీపొకటి వచ్చిందట, మగాళ్ళంతా వేటకెళ్ళారని ఆడవాళ్ళు ఒక్క మాటమీద చెప్పి పంపేశారు. ధనరాజును మాత్రం బుల్లెమ్మ చూపించగానే ఇళ్ళన్నీ ఖాళీ అయ్యాయి. నాంచారయ్య తల్లి, నడుం వంగిన ముసలమ్మ, పరుగున వచ్చి అతని మొహం తడిమింది. "నాంచారా! నాయనా! పెద్దకర్మ నాడు పలకలేదని ఎంత కుమిలానయ్యా!" అని ఛాతీమీద తల బాదుకుంది. పోలీసులకు చూపని దారి చచ్చినవాడికి చూపారు. చిన్న పడవలో బుల్లెమ్మ, ముసలమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్ళు ఎక్కి, గడ వేసుకుంటూ మడచెట్ల మధ్య పాయలోకి తీసుకెళ్ళారు.

అక్కడ చూసింది చెప్పాలంటే నోరు రావడం లేదు. బురదలో బోర్లా పడేసిన ఫైబర్ పడవకు అంజిని వెనక్కి విరిచి కట్టారు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. పళ్ళు ఊడిన నోట్లోంచి నెత్తురు నురగలా వస్తోంది. కుడిచెయ్యి మోచేతి దగ్గర ఏ చెయ్యీ వంగని వైపుకు వంగి వేలాడుతోంది. తెడ్డుతో కొట్టి విరిచారు. పక్కన ఒకడు రాళ్ళు కట్టిన వల సిద్ధం చేస్తున్నాడు. కళ్యాణ్ తెడ్డు ఎత్తి పక్కటెముకల్లో పొడుస్తూ, "చెప్పరా, ఎట్టా నెట్టావో చెప్పరా" అంటున్నాడు. అంజి చెప్పడానికి ఇంకేం మిగల్లేదు, ఊఁ ఊఁ అని మూలుగుతున్నాడు. చుట్టూ మగాళ్ళు పండక్కి నిలబడ్డట్టు నిలబడ్డారు. కులపెద్ద పిచ్చేశ్వరరావు ఇంకో పడవ అంచున కూర్చుని నీళ్ళవైపు చూస్తున్నాడు, పోటు ఎంతవరకొచ్చిందా అని.

"ఆపండ్రా! నేను ధనరాజుని. బందరు ఆసుపత్రిలో వేషం కడతా. నెట్టారన్నది నా సొంత మాట. కల్పించి చెప్పా. ఈ మనిషికేం సంబంధం లేదు!"

కళ్యాణ్ జాలిగా చూశాడు. "నీకు తెలీదన్నయ్యా. చెప్పింది నువ్వు కాదు, మా అన్న. కుండకేం తెలుసు లోపలేం పోశారో?"

నిజం చెప్తే నమ్మరు, అబద్ధం చెప్తే ప్రాణం పెట్టి నమ్మారు. ధనరాజుకు చచ్చేంత భయం వేసింది. ఇక ఒక్కటే దారి. కళ్ళు మూసుకుని, భుజాలు వంచి, నిన్నటి బొంగురు గొంతు తెచ్చుకున్నాడు. "పెదనాయనా, నేను నాంచారయ్యని. నన్నెవరూ నెట్టలా. తాగి పడ్డా. ఆణ్ణి ఇప్పెయ్యండి."

జనంలో గుసగుస లేచింది. పిచ్చేశ్వరరావు లేచి వచ్చాడు. తల పండినవాడు, ఊరికే ఒప్పుకుంటాడా? "నిన్నొక మాట, ఇయ్యాళొక మాట. నువ్వు మా నాంచారయ్యవే అయితే ఆ పొద్దున నీ ఇంట్లో ఏం జరిగిందో చెప్పు. నీకూ నీ పెళ్ళానికీ తప్ప ఎవురికీ తెలియంది చెప్పు. ఇప్పిస్తా."

ధనరాజుకు తెలుసు. నాలుక చివరన ఉంది. ఒక్క మాట చెబితే అంజి కట్లు ఊడతాయి. కానీ ఆ మాట పడాల్సింది బుల్లెమ్మ నెత్తిన. అన్నను వదిన నోటితో చంపిందని తెలిసిన మరుక్షణం ఆ తెడ్డు ఎటు తిరుగుతుందో కనిపిస్తూనే ఉంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిన్న ఒకరి ప్రాణం నిలబెడదామని ఇంకొకరి ప్రాణం మీదికి తెచ్చాడు, ఇవాళ మళ్ళీ అదే పని చెయ్యాలా? తల అడ్డంగా ఊపాడు.

"ఈడు మా అన్న కాదు!" అని అరిచాడు కళ్యాణ్. "ఇప్పుడు మాట్లాడేది ఈడే, అంజిగాడి మనిషి!" తెడ్డు గాలిలో లేచి ధనరాజు మెడకూ భుజానికీ మధ్య పడింది. రోజూ తినే దుప్పటి దెబ్బ కాదిది. ఎముక పటుక్కుమంది. మోకాళ్ళమీద బురదలో పడ్డాడు. రెండోది నడ్డిమీద పడింది, మూడోదానికి వాడు తెడ్డు ఎత్తుతుంటే బుల్లెమ్మ అడ్డమొచ్చి నిలబడింది.

"నేను చెప్తా! ఆ పొద్దున ఏం జరిగిందో నేను చెప్తా! నన్ను గోడకేసి కొట్టాడు. నేను దుమ్మెత్తి పోశా. మళ్ళీ రామాక, ఆ సముద్రమే నిన్ను మింగ అన్నా. మింగింది. నేనే చంపా మీ అన్నని! ఎవురూ నెట్టలా, నా నోరు నెట్టింది!"

కళ్యాణ్ మొహంలో రంగులు మారాయి. "నువ్వా వదినా" అన్నాడు. "నువ్వా!" తెడ్డు తిరిగింది. ఆమె తల మీదికే.

అప్పుడు లేచాడు పాత ధనరాజు, గిలకలదిండి ధనరాజు. ఒక చెయ్యి పనిచెయ్యదు, రెండో చేత్తోనే కళ్యాణ్ గొంతు పట్టి బురదలోకి ఈడ్చి, ఛాతీమీద మోకాలు వేసి నొక్కాడు. వాడి కళ్ళు తేలిపోతున్నాయి. ఇంకొంచెం నొక్కితే అయిపోతుంది, నొక్కాలనే ఉంది, ఎంత బాగుందో ఆ నొక్కడం! ఏళ్ళ తర్వాత ఆ రుచి మళ్ళీ తగిలింది. ఆ రుచికే ఒళ్ళు జలదరించి చెయ్యి తీసేశాడు. వాడు దగ్గుతూ పక్కకు దొర్లాడు. ధనరాజు ఆ బురదలోనే నిలబడి, ఏ వేషమూ లేకుండా, బండబూతులతో మొదలుపెట్టి అరిచాడు.

"ఏ పెళ్ళాం తిట్టదురా మొగుణ్ణి? నా పెళ్ళాం నన్ను తిట్టని తిట్టు లేదు! నీ పాడె కట్ట అంది, నీ నోట మన్నుపడ అంది. చచ్చానా? దున్నపోతులా మీ ముందు నిలబడ్డా! కొట్టింది నేను, చెవి పోయింది దానికి. దేవుడు తిట్టే ఇనేవాడైతే నేనెప్పుడో కాటికెళ్ళాల్సింది. ఒరే, పెళ్ళాం తిట్టుకు చచ్చేటట్టయితే ఈ పాలెంలో మగాడనేవాడు మిగిలేవాడంట్రా?"

మాట్లాడింది చివరికి ఎవరనుకున్నారు? నాంచారయ్యను కన్న తల్లి. వంగిన నడుంతోనే బురదలో రెండడుగులు వేసి, కొడుకు కళ్యాణ్ ఎదుట నిలబడింది.

"మీ నాయన్ని నేను తిట్టని రోజుందంట్రా? వల్లకాట్లో పెట్టిస్తా అని రోజూ తిట్టా. ముసలోడై మంచాన పడి పోయాడు. పిల్లి శాపాలకి ఉట్లు తెగుతాయంట్రా ఎదవా? ఆ పొద్దున నాకినపడింది. గోడవతలే పడుకున్నా. దాని తల గోడకి తగలటం ఇన్నా. నా కొడుకని నోరు మూసుకున్నా. తాగి ఎళ్ళాడు, తాగి పడ్డాడు." ఆమె గొంతు పగిలిపోయింది. "నా కొడుకు తాగి చచ్చాడురా!"

గడ పట్టుకున్న ఒకావిడ, "నేనూ పొద్దునే తిట్టా మా ఆయన్ని" అంది నేల చూస్తూ. ఆ ఆయన అక్కడే ఉన్నాడు, తల దించుకున్నాడు. "నేనూ" అంది ఇంకొకామె. మరొకామె ఏమీ అనలేదు, కొంగు పక్కకు లాగి భుజంమీద కమిలిన మచ్చ చూపించింది. బుల్లెమ్మ వాళ్ళను ఒక్కొక్కరినీ కొత్తగా చూస్తున్నట్టు చూసింది. తర్వాత బురదలో కూర్చుని గుండెలవిసేలా ఏడ్చింది, మొగుడు పోయిన నాటినుంచి ఏడవని ఏడుపంతా ఏడ్చింది. కళ్యాణ్ తెడ్డు ఎక్కడ పడిందో ఎవరూ చూడలేదు.

పిచ్చేశ్వరరావు కత్తి తీసి తాళ్ళు కోశాడు. అంజి గోతంలా జారి పడ్డాడు. వాణ్ణి ఇందాక కొట్టినవాళ్ళే ఎత్తి పడవలో వేశారు, ఒడ్డున ఆటో ఎక్కించారు. వెంట ఎవరు వెళ్తారంటే ఎవరూ కదల్లేదు. విరిగిన భుజంతోనే ధనరాజు ఎక్కాడు.

గతుకు గతుక్కీ అంజి ప్రాణం పోయినట్టు అరుస్తున్నాడు. వాడి తల ధనరాజు ఒళ్ళో ఉంది. ఆ చెయ్యి ఇక తెడ్డు పట్టదని, వల లాగదని చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. కొంతదూరం పోయాక అంజి బాగున్న కన్ను తెరిచాడు.

"ఆ మాట చెప్పింది నువ్వేనా?"

"నేనే తమ్ముడూ."

"నన్ను ఎరుగుదువా? ఎప్పుడన్నా చూశావా నన్ను?"

"లేదు."

"పేరన్నా తెలుసా?"

"అప్పటికి తెలీదు."

"మరెందుకు చెప్పావ్?"

ధనరాజుకు ఏడుపు ఆగలేదు. "ఆ పిల్ల అన్నం మానేసింది తమ్ముడూ. తింటదని చెప్పా."

అంజి ఊపిరి కూడదీసుకున్నాడు. "తిన్నదా?"

"తిన్నది. నిన్ను కట్టేశారని తెలిసి, మారు పెట్టుకుని తిన్నది."

అంజి నోట్లో ఉన్న నెత్తురంతా కూడగట్టుకుని ధనరాజు మొహాన ఉమ్మాడు. ధనరాజు తుడుచుకోలేదు.